చుక్కా వారు ఏ రకం మనుషులు?

తెలివి పంచిపెట్టే రోజున ఊరంతా చెంబులు పట్టుకెళ్తే, చుక్కా వారు జల్లెడ పట్టుకెళ్ళారని నువ్వులపేటలో ఒక మాట ఉంది. ఆ మాట చుక్కా వారి చెవిన కూడా పడింది. వాళ్ళు బాధపడలేదు సరికదా, "చూశారా, అందరికంటే వెడల్పాటి సామాను పట్టుకెళ్ళింది మనమే" అని మురిసిపోయారు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దవాడు దాలినాయుడు, అతని పెళ్ళాం గౌరమ్మ, తమ్ముడు పైడిరాజు. తిండికి లోటు లేదు. తెలివికి అసలే లోటు లేదని వాళ్ళ నమ్మకం.

"లోకంలో ఇన్ని గొడవలు ఎందుకొస్తున్నాయో తెలుసా?" అనేవాడు దాలినాయుడు మీసం దువ్వుకుంటూ. "ఒకళ్ళు ఒకటి చెబితే ఇంకొకళ్ళు ఇంకోటి అనుకుంటారు. మన ఇంట్లో ఆ పప్పులుడకవు. ఎంత చెబితే అంతే!"

అది మాత్రం నిజం. బయటికి వెళ్ళేటప్పుడు కుడికాలు ముందు పెట్టరా అని వాళ్ళ నాన్న చిన్నప్పుడు పైడిరాజుకి చెప్పాడు. వాడు పెట్టాడు. ఎడమకాలి సంగతి ఆయన చెప్పలేదు. అంతే, ఆయన పొలం నుంచి తిరిగొచ్చేదాకా గుమ్మానికి అటో కాలు ఇటో కాలు వేసుకుని నిలబడే ఉన్నాడు. "ఎంత బుద్ధిమంతుడో, చెప్పిన మాట జవదాటడు" అని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

ఇంత బుద్ధిమంతుడికి పెళ్ళి మాత్రం కుదరలేదు. తోటివాళ్ళ పిల్లలు బడికి పోతుంటే పాపం, అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఆఖరికి పక్క ఊరి ముకుందం గారు, ఈ ఇంటి సంగతి తెలియకనే అనుకోండి, సంతలో దాలినాయుణ్ణి పలకరించి తన కూతురు సత్యవేణి మాట ఎత్తాడు.

"నాయుడూ, మీ పొలం పుట్రా గురించి నేను అడగను. మీ తమ్ముడు ఎలాంటి మనిషో తెలిస్తే నాకంతే చాలు. గురువారం వస్తాం, చూస్తాం."

ఇంకేముంది! దాలినాయుడు కొన్న బెండకాయలు సంతలోనే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

"ఒరే తమ్ముడూ, నువ్వు ఎలాంటి మనిషివిరా?"

పైడిరాజు తనని తాను పాదాల నుంచి పైదాకా చూసుకున్నాడు. "ఇలాంటి మనిషినే అన్నయ్యా."

"ఇలాంటి అంటే?"

"ఇదిగో, ఇలాంటి."

"ఇది చెప్తే పిల్లనిస్తారట్రా? గౌరీ, నువ్వు చెప్పు. వీడెలాంటి వాడు?"

"నన్నడిగితే ఎలా మావా? నేను కాపరానికొచ్చేసరికే ఉన్నాడు. నేనేమన్నా చూసి తెచ్చానా?" అంది గౌరమ్మ.

ముగ్గురూ తలలు పట్టుకున్నారు. ఎవరి తల వాళ్ళు పట్టుకుంటే ఆలోచన రాలేదని ఒకరి తల ఒకరు పట్టుకున్నారు. అయినా రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి గానీ రాకపోతే ఎందుకు?

సరిగ్గా అప్పుడే ఊళ్ళో బడి ఆవరణలో ఒక ఉపన్యాసం పెట్టారు. మాట్లాడేది ఎవరో వ్యక్తిత్వ నిపుణుడట. మండుటెండలో కోటు తొడుక్కుని వచ్చాడు. తనకి ఉక్కపోస్తోందన్న సంగతి తనకే తెలియని ఆ పెద్దమనిషి, మైకు పట్టుకుని మిగతా వాళ్ళకి వాళ్ళ గురించి చెప్పడం మొదలెట్టాడు.

"మీరు ఏ రకం మనుషులో మీకు తెలుసా? తెలియదు! ఎందుకంటే మీరెప్పుడూ మీలోకి మీరు తొంగి చూసుకోలేదు! మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోలేదు! మనుషులు మూడే రకాలు. మాట మీద నిలబడేవాళ్ళు నిప్పు రకం. ఎదుటివాళ్ళ కష్టం చూసి కరిగిపోయేవాళ్ళు నీటి రకం. ఎవరేమన్నా పడేవాళ్ళు మట్టి రకం. మీరే రకమో మీరే తేల్చుకోండి. తేల్చుకున్నారా, ఇక మీకు తిరుగులేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన మాత్రం "రకాలు వడ్లకుంటాయి గానీ మనుషులకేమిటయ్యా" అని గొణుక్కుంటూ లేచిపోయాడు. చుక్కా వారు ముందు వరసలో కూర్చుని నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"మావా, రకం తెలిస్తే తిరుగులేదంటున్నాడు" అని గౌరమ్మ మొగుడి చెవిలో ఊదింది. "ఇక్కడే తెలుసుకుంటే మళ్ళీ ఇంటికి తిరగలేం. ఇక్కడే ఉండిపోవాలి. తెలుసుకునేదేదో ఇంటికి పోయాకే తెలుసుకుందాం."

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది, లేకపోతే కొంప మునిగేది!" అన్నాడు దాలినాయుడు. ముగ్గురూ ఒక్క పరుగున ఇంటికొచ్చి, తలుపేసుకున్నారు.

మొదటి పని, లోపలికి తొంగి చూడటం. పైడిరాజుని పీట మీద కూర్చోబెట్టి నోరు తెరిపించి టార్చిలైటు వేశారు.

"ఏం కనిపిస్తోంది మావా?"

"కొండనాలుక."

"దాని వెనకాల?"

"చీకటి."

"మరి మనిషేడి?"

"ఇంకా లోపలికెళ్ళి పడుకున్నట్టున్నాడు. ఉండు, పిలుద్దాం." దాలినాయుడు తమ్ముడి నోటి దగ్గర నోరు పెట్టి "ఒరే పైడిరాజూ!" అని అరిచాడు.

"ఆఁ" అన్నాడు పైడిరాజు. తెరిచిన నోటితో ఇంకేమంటాడు!

"ఉన్నాడు! లోపలి నుంచి పలికాడు!" అని మొగుడూ పెళ్ళాం గంతులేశారు. ఉన్నాడని తేలింది గానీ ఏ రకమో తేలలేదు.

రెండో పని, తమని తాము ప్రశ్నించుకోవడం. ఇంటికి పెద్ద కనక దాలినాయుడు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకుని, "ఒరే దాలినాయుడూ! నువ్వే రకంరా?" అని తనని తాను గట్టిగా అడిగాడు. అడిగాక ముఖం ఎర్రగా చేసుకుని తన మీద తనే ఎదురుతిరిగాడు.

"నన్ను పట్టుకుని ఒరే అంటావా? నీ ఇంటికొచ్చి అడుక్కుతింటున్నానా?"

"అంటాను. నీకంటే చిన్నవాణ్ణా ఏం?"

"పెద్దవాడివైతే పెద్దరికంగా ఉండు!"

"నాకే చెప్తావా!" అంటూ తన చెంప మీద తనే ఫెడీమని ఒకటిచ్చుకున్నాడు. అవతలివాడు ఊరుకుంటాడా? రెండో చెంప మీద ఇంకోటి పడింది. గౌరమ్మ అడ్డం పడి విడదీసింది.

"పోనీ మావా, నువ్వే సర్దుకోరాదా?"

"నేనా? ముందు వాణ్ణి సర్దుకోమను. ఈ జన్మలో వాడితో నాకు మాటల్లేవు!"

దాంతో దాలినాయుడికీ దాలినాయుడికీ చెడింది. ఇక అడిగి లాభం లేదు, చేసి చూడాల్సిందే అనుకున్నారు.

మాట మీద నిలబడాలి కదా? గౌరమ్మ ముగ్గుపిండి తెచ్చి వాకిట్లో బండ మీద 'మాట' అని ఇంతింత అక్షరాలతో రాసింది. దాలినాయుడు చెప్పులు విప్పి దాని మీద నిలబడ్డాడు. నడినెత్తిన సూర్యుడు. బండ పెనంలా ఉంది.

"నిలబడ్డావా మావా?"

"నిలబడ్డాను. కానీ అరికాళ్ళు మండిపోతున్నాయే!"

"ఏంటీ, మండుతున్నావా?" గౌరమ్మ రెండు చేతులూ జోడించింది. "అయితే నువ్వు నిప్పే మావా! నిప్పు కాకపోతే ఎందుకు మండుతావు?"

అంతే, ఒకడి రకం తేలిపోయింది. నిప్పుగారు కుంటుకుంటూ లోపలికొచ్చి కాళ్ళు పట్టుకుని మూలుగుతుంటే, గౌరమ్మ పక్కనే కూర్చుని పులుసులోకి ఉల్లిపాయలు తరుగుతోంది. తరుగుతూ తరుగుతూ మొగుడి వంక చూసింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెంపలు తడిశాయి. కత్తిపీట వదిలేసి కెవ్వుమంది.

"మావోయ్! నీ కష్టం చూసి నేను కరిగిపోతున్నాను! నేను నీటి రకం!"

"ఆగు, ఆగు! ఇలా కరిగితే సాయంత్రానికి మనిషివి మిగలవు!" అన్నాడు దాలినాయుడు. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ అటక మీది గంగాళం దించి గౌరమ్మని అందులో కూర్చోబెట్టారు. కారినదంతా అందులోనే ఉంటుంది, ఒక్క చుక్క బయటికి పోదు. అప్పటికే కారిపోయినంత మేరకు నాలుగు బిందెలు పోసి సరిచేశారు కూడా.

ఇక మిగిలింది పెళ్ళికొడుకు. ఎవరేమన్నా పడతాడా, పడడా?

"ఏదో ఒకటి అనండి, చూద్దాం" అన్నాడు పైడిరాజు.

"అన్నం తిన్నావా?" అన్నాడు దాలినాయుడు.

దబ్బున పడ్డాడు పైడిరాజు.

"పడ్డాడే! మన్నే! మన్ను రకమే!" అని గంగాళంలోంచి చప్పట్లు కొట్టింది గౌరమ్మ. పైడిరాజు లేవబోతున్నవాడల్లా, ఆ మాట విని మళ్ళీ పడ్డాడు.

"ఇక లేవరా" అన్నాడు అన్న. అదీ అన్నదే కదా? మళ్ళీ పడ్డాడు. "లేవమంటే వినపడదా?" అంటే ఇంకోసారి పడ్డాడు. అప్పటికే పడి ఉన్నప్పుడు ఎవరైనా ఏదన్నా అంటే, నిజాయితీగా లేచి మరీ పడేవాడు. సాయంత్రానికి మోచేతులు దోక్కుపోయాయి. మనసులో మాత్రం పొంగిపోతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరన్నా అడిగితే చెప్పుకోవడానికి తనకంటూ ఒక రకం ఉంది!

అక్కడితో ఆగితే వాళ్ళు చుక్కా వారెందుకవుతారు? ఇంట్లో ఇంత నిప్పు పెట్టుకుని కట్టెలెందుకని గౌరమ్మ పొయ్యి మానిపించింది. దాలినాయుణ్ణి పడుకోబెట్టి పొట్ట మీద బియ్యం గిన్నె పెట్టారు. ఎంతసేపటికీ ఉడకలేదు. నిప్పు సన్నగిల్లిందని పైడిరాజు గొట్టం తెచ్చి అన్న బొడ్డులోకి బుగ్గలు నొప్పెట్టేలా ఊదాడు. చక్కిలిగింత పుట్టి దాలినాయుడు నవ్వితే, గిన్నె దొర్లి బియ్యమంతా నేలపాలు. "రాజుకుంటోంది, ఇంకా ఊదు!" అంది గౌరమ్మ. ఆఖరికి నానిన బియ్యం బుక్కి, "పలుకుగా ఉంది, అంతే" అని సరిపెట్టుకున్నారు.

గురువారం ఇంకా మూడు రోజులుందనగా గౌరమ్మకి ఇంకో ఆలోచన పుట్టింది. "మావా, మంచి మన్నుని ఊరికే బీడు పెట్టుకుంటారా ఎవరైనా? అమ్మాయి వాళ్ళు వచ్చేసరికి పచ్చగా కనపడొద్దూ?"

ఇంకేముంది! పైడిరాజు తలని పళ్ళ దువ్వెనతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి దున్నారు. మాగిన పేడెరువు దట్టంగా పట్టించారు. తోటకూర విత్తనాలు చల్లి, పైన తడిగుడ్డ కప్పి నీళ్ళు చిలకరించారు. పైడిరాజు మెడ కదపకుండా కూర్చుని, "అన్నయ్యా, పిల్లకి తోటకూర ఇష్టమేనంటావా?" అని అడిగాడు.

"మన్ను అలా మాట్లాడకూడదు. మొలకెత్తనీ" అన్నాడు అన్న. పైడిరాజు పడ్డాడు. విత్తనాలు సగం రాలిపోయాయి. మళ్ళీ చల్లారు.

గురువారం పొద్దున్నే ముకుందం గారు వచ్చాడు. వెంట సత్యవేణి కూడా వచ్చింది. చేసుకునేది నేనైతే చూసుకునేది కూడా నేనేనని పట్టుబట్టి వచ్చిన పిల్ల. చురుకైన కళ్ళు.

"రండి రండి!" అని దాలినాయుడు ఎదురొచ్చి, అంత దూరంలోనే ఆగిపోయాడు. "ఇంక దగ్గరికి రాకండి ముకుందం గారూ. అంటుకుంటారు."

ముకుందం గారు నొసలు ముడేశాడు. ఏదో అంటువ్యాధి అనుకున్నాడు కాబోలు, మాట మార్చడానికి జేబులోంచి చుట్ట తీసి, "నిప్పుందా నాయుడూ?" అని అడిగాడు.

"ఉండటమేమిటి, నేనే!" దాలినాయుడు ఒక్క అంగలో వచ్చి ఆయన చేతిలో చుట్ట లాక్కుని తన ముక్కు కొనకి ఆనించుకున్నాడు. పీల్చమన్నట్టు రెండో కొస ఆయన నోటి దగ్గరికి తోశాడు. ఇద్దరి ముఖాలూ ఒకదానికొకటి జానెడు దూరంలో, మధ్యన చుట్ట. ముకుందం గారు వెనక్కి జరిగి, చుట్ట జేబులో పెట్టేసుకుని, "దాహంగా ఉంది, మంచినీళ్ళిప్పించండి" అన్నాడు నీరసంగా.

లోపలి నుంచి గౌరమ్మ గొంతు వినిపించింది. "నేను రాలేనన్నయ్యగారూ, ఒలికిపోతాను! మీరే లోపలికొచ్చి ముంచుకోండి. నాలుగు రోజుల నుంచీ ఇందులోనే ఉన్నాను, కొరత లేదు!"

ముకుందం గారి దాహం తీరిపోయింది.

సత్యవేణి మాత్రం అరుగు మీద, నెత్తిన తడిగుడ్డ కప్పుకుని బిగుసుకుపోయి కూర్చున్న మనిషిని చూస్తోంది. పైడిరాజూ ఆమెనే చూస్తున్నాడు. పడితే ఈమె మాటకే పడాలి అనుకుంటున్నాడు.

"మీ పేరేంటండీ?" అంది సత్యవేణి.

ఢామ్మని అరుగు మీద నుంచి ఆమె కాళ్ళ దగ్గర పడ్డాడు.

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

లేచి, మళ్ళీ పడ్డాడు. నెత్తి మీది గుడ్డ జారిపోయింది. పేడ, అందులోంచి అక్కడక్కడ సన్నగా మొలకలు.

"నాన్నా!" అని అరిచింది సత్యవేణి. పైడిరాజు ఇంకోసారి లేచాడు, పడ్డాడు.

"ఇదేంటి నాయుడూ? మీ తమ్ముడికి మూర్ఛరోగమా?"

"భలేవారే! ఎలాంటి మనిషో చెప్పమని మీరే కదండీ అడిగారు? మన్ను రకం. ఇదిగో, మొలకలు కూడా వచ్చాయి. మీ అమ్మాయికి జన్మలో కూరలు కొనే పని లేదు."

ముకుందం గారి ఓర్పు అయిపోయింది. "కూరలా! పిల్లని తీసుకుని ఇంత దూరం వస్తే మాతో వేళాకోళాలాడతారా! పెద్దా చిన్నా లేదా మీకు! మర్యాద లేదా!" అని ఇల్లెగిరిపోయేలా కేకలేశాడు. ముఖం కందగడ్డయింది.

"పోనీలే నాన్నా, వీళ్ళ మీద మండిపడి ఏం లాభం? పోదాం పద" అంది సత్యవేణి.

ఆ మాట దాలినాయుడి చెవిన పడింది.

"మండిపడుతున్నారా! కొంప మునిగింది! ఇందాక ముక్కు దగ్గర ముక్కు పెట్టినప్పుడే అంటుకుని ఉంటుంది! గౌరీ, పరిగెత్తుకురా! ముకుందం గారు మండుతున్నారు!"

తన ఒళ్ళు తరిగిపోతుందని కూడా చూసుకోలేదు గౌరమ్మ. గంగాళంలోంచి ఒక్క దూకు దూకి, దాన్ని ఓ పక్క తనూ ఓ పక్క మొగుడూ పట్టుకుని మోసుకొచ్చి, తళతళలాడే ఇస్త్రీ పంచెతో ఉన్న ముకుందం గారి నెత్తిన మొత్తం గుమ్మరించారు. నాలుగు రోజుల నీళ్ళు. వాటితో పాటు నాలుగు ఉల్లిపొరలు.

ముకుందం గారు ముఖానికి అంటుకున్న ఉల్లిపొర తీసి అవతల పారేశాడు.

"చల్లారారు, చల్లారారు! ఆయుష్షు గట్టిది" అన్నాడు దాలినాయుడు ఊపిరి పీల్చుకుంటూ.

ముకుందం గారు కండువా పిండుకుని, ముగ్గురి వంకా ఒక్కొక్కరినే చూసి, "ఛీ! మీరసలు మనుషులేనా?" అన్నాడు. అని గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. సత్యవేణి వెళ్తూ వెళ్తూ నేల మీద ఉన్న పైడిరాజు వంక చూసింది. "ఇకనైనా లేవండి. మీరు పడినా లేచినా మాకొకటే" అంది. గుమ్మం దాటాక ఆపుకోలేక నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. పైడిరాజు ఆ నవ్వు వింటూ చాలాసేపు అలాగే పడి ఉన్నాడు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు, అయినా లేవబుద్ధి కాలేదు.

ఇలాంటప్పుడు బుద్ధి ఉన్నవాళ్ళు సిగ్గుపడతారు. చుక్కా వారు ఆలోచనలో పడ్డారు.

"అడిగాడు గానీ జవాబు వినకుండానే పోయాడు" అన్నాడు దాలినాయుడు.

"ఏమడిగాడు మావా?"

"మనం అసలు మనుషులమేనా అని. ఎంత పెద్ద ప్రశ్న! ఏ రకం మనుషులమో తేల్చుకున్నాం గానీ, అసలు మనుషులమో కాదో చూసుకున్నామా? ఆ కోటాయనకి కూడా తట్టలేదు."

"అందుకే సంబంధం చెడింది!" అన్నాడు పైడిరాజు లేచి కూర్చుని. "మరి ఎవరిని అడుగుదాం? డాక్టరు గారినా?"

"మనుషుల డాక్టరు దగ్గరికి పోతే మనుషులమనే అంటాడు. ఆయన చూసేది వాళ్ళనే. రెండో ఆయన దగ్గరికి పోవాలి."

అంతే, ముగ్గురూ పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. గేదెల వెనక వరసలో బుద్ధిగా నిలబడ్డారు. వాళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరు తలెత్తకుండా చేతులు కడుక్కుంటూ, "పశువెక్కడ?" అన్నాడు.

"అది మీరే చెప్పాలి బాబూ" అన్నాడు దాలినాయుడు.

డాక్టరు తలెత్తాడు. వచ్చిన పనేమిటో దాలినాయుడు వివరంగా విన్నవించాడు. పైడిరాజు నోరు తెరిచి పళ్ళు చూపించాడు. డాక్టరు వెళ్ళిపోతున్న గేదెల్ని చూశాడు, వీళ్ళని చూశాడు. "మీకంటే ఆ పశువులే నయం!" అన్నాడు.

"విన్నావా గౌరీ? వాటికి నయమైపోయిందట. మనకింకా కాలేదట."

"నయమవడానికి ఏం చెయ్యాలి బాబూ?" అని గౌరమ్మ దణ్ణం పెట్టింది.

డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది గానీ, వెనక వరస పెద్దదిగా ఉంది. "ముందు ఇక్కణ్ణించి కదలండి! పశువుని పలుపేసి తోలుకొస్తేనే నేను చూసేది!" అని కసిరాడు.

ఇంటికొచ్చి మూడు పలుపులు తీశారు. మెడలకి తగిలించుకున్నారు. అప్పుడొచ్చింది చిక్కు. తోలుకెళ్ళేదెవరు? తోలేవాడు మనిషని, తోలించుకునేది పశువని దారిలో జనం ముందే అనేసుకుంటారు. డాక్టరు చూడకుండానే తేలిపోతే పరీక్ష ఎందుకు? ముగ్గురి మెడలోనూ పలుపుండాలి, ముగ్గురూ తోలుతూ ఉండాలి. దాలినాయుడు ఆలోచించి ఉపాయం చెప్పాడు. గౌరమ్మ పలుపు దాలినాయుడు పట్టుకున్నాడు. పైడిరాజు పలుపు గౌరమ్మ పట్టుకుంది. దాలినాయుడి పలుపు పైడిరాజు పట్టుకున్నాడు. "హెయ్, హెయ్!" అని ఒకరినొకరు అదిలించుకుంటూ ఆసుపత్రికి బయల్దేరారు.

పొద్దు వాలేదాకా వాకిట్లోనే గుండ్రంగా తిరిగారు. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి "ఎక్కడికి నాయుడూ?" అని అడిగితే, దాలినాయుడు నడక ఆపకుండా, చెమట తుడుచుకుంటూ జవాబు చెప్పాడు.

"ఆసుపత్రికి. దూరమెక్కువ, కానీ దారి తప్పే భయం లేదు. ముందు మనవాళ్ళే పోతున్నారు."